మీర్‌పేట స్వామి పాదముద్ర

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదివే ఆడపిల్లకు అడవి అంటే జూపార్కే. ఈ మాట అప్పుడూ కోపంగానే అన్నాను, ఇప్పుడూ కోపంగానే రాస్తున్నాను. మా కాలేజీలో జువాలజీ వాళ్ళకు ఏటా చలికాలంలో అడవి యాత్ర ఉండేది. మగపిల్లలు నల్లమల కొండలకు వెళ్ళేవాళ్ళు. చిరుత ఏ చెట్టును గీరిందో, కణితి అనే పెద్ద జింక ఎక్కడ పడుకుని లేచిందో, అడవిపంది ఎక్కడ దుంపల కోసం తవ్విందో నేలను చూసి చదవడం నేర్చుకుని, మెళ్ళో బైనాక్యులర్ వేలాడేసుకుని తిరిగి వచ్చేవాళ్ళు. అదే రోజున ఆడపిల్లలను ఇంకో బస్సెక్కించి జూకు తోలేవాళ్ళు. అక్కడ పులి సిమెంటు నేల మీద పచార్లు చేసేది. సిమెంటు మీద అడుగు పడదు కదా సార్, మేం ఏం నేర్చుకోవాలి అని మా వెంట వచ్చిన లెక్చరర్‌ను అడిగితే, "పులే కనిపిస్తోంది కదమ్మా, ఇంక అడుగెందుకు?" అన్నారు. ఆ తర్కం చూశారా! పరీక్షలో మాత్రం మాకూ మగపిల్లలకూ ఒకటే పేపరు. అందులో ప్రశ్న అడుగుల మీదే వచ్చేది.

మా జువాలజీ సారును పిల్లలందరూ పెంటికల సారు అనేవాళ్ళు. ఆయన మంచివాడే. (ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరువాత తిట్టే పని ఉంది కాబట్టి.) దుప్పి పెంటికలు, పునుగుపిల్లి వదిలిన ఈతగింజలు, ముళ్ళపంది ముళ్ళు, చిరుత పెంటలోంచి తీసిన వెంట్రుకలు, అన్నీ పాత ఊరగాయ సీసాల్లో పెట్టి ల్యాబులో వరసగా పేర్చుకునేవాడు. జంతువు మనకు కనిపించడం దాని ఇష్టం, అది వదిలి వెళ్ళినదాన్ని చూడటం మన చదువు అనేవాడు. ఈ మాట నాకు ఎంతగా పట్టేసిందంటే, ఆయన ఇచ్చిన గుప్పెడు పెంటికలను ఇంటికి తెచ్చి మా డాబా మీద మా అమ్మ వడియాల పక్కన ఆరబెట్టాను. వేరే గుడ్డ మీదే ఆరబెట్టాను. ఆ మాట ఈనాటికీ ఎవరూ వినిపించుకోరు. మా అమ్మ వడియాలనూ పెంటికలనూ, గాలికి ఎగరకుండా పెట్టిన రాళ్ళనూ కలిపి చెత్తకుండీలో పోసి, పక్కింటి పిల్లలందరూ కంప్యూటర్ కోచింగులకు పోతుంటే నేను పెంటికలు ఏరుకుంటున్నానని వీధి వీధంతా వినేలా ఏడ్చింది. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నవాళ్ళం. మా వాళ్ళ దృష్టిలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల కోసమే పుట్టింది.

అయినా నేను ఆగలేదు. మా గల్లీలో సీసీ రోడ్డు వేసినప్పుడు అది ఆరకముందే కాలనీ కుక్కలూ పిల్లులూ దాని మీద ఊరేగాయి. అదే నా నల్లమల. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు పడతాయి, పిల్లి జాతి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి పడవు, పులికైనా చిరుతకైనా అదే లెక్క అని నేను ఆ రోడ్డు మీద గొంతుక్కూర్చుని నేర్చుకున్నాను. వచ్చే పోయే ఆటోలవాళ్ళు తిట్టేవాళ్ళు. నేనూ తిట్టేదాన్ని.

మూడో ఏడు వచ్చేసరికి ఇక తేల్చుకోవాలనుకున్నాను. మేమూ నల్లమలకు వస్తామని క్లాసులో లేచి అడిగాను. సారు జవాబు చెప్పేలోగా వెనక బెంచీ నుంచి మీర్‌పేట లేచాడు. మీర్‌పేట అంటే ఊరు కాదు, ఆ ఊరి నుంచి వచ్చే అబ్బాయి. వాళ్ళ అసలు ఊరు నల్లగొండ వైపు పల్లె, తండ్రి లారీ నడిపేవాడు. సారుకు కుడి భుజం, నాకు పక్కలో బల్లెం.

"ఆడివిల్లలొస్తే లొల్లయితది సార్," అన్నాడు. "అందరి దాకా ఎందుకు, గీమె ఒక్కతి నోరు తెరిస్తే చాలు. నల్లమల మొత్తం ఖాళీ అయితది."

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. (ఇదిగో, తిడతానన్నది ఇందుకే.) నేను అటునుంచి అటే ప్రిన్సిపాల్ మేడం గదికి వెళ్ళాను. ఆవిడ కొంగుకు పిన్ను, మాటకు పిన్ను పెట్టే మనిషి. పేపరు ఒకటే అయినప్పుడు పాఠం రెండు రకాలు ఎందుకని మొదలుపెట్టి, ఆ మధ్యాహ్నమంతా వాదించాను. పాములుంటాయన్నారు, పాములకు ఆడా మగా తేడా తెలియదన్నాను. ఇంట్లో ఒప్పుకోరన్నారు, సంతకాలు నేను తెస్తానన్నాను. చివరికి ఆవిడ విసుగెత్తి ఒప్పుకున్నారు గాని, ఒక మెలిక పెట్టారు. ఒక్క ఆడపిల్లకు ఒక్క అపాయం ఎదురైనా, ఈ కాలేజీ నుంచి ఇక ఏ ఆడపిల్లా అడవి ముఖం చూడదు. అంటే నాతో వచ్చేవాళ్ళదే కాదు, నా తరువాత చదవబోయేవాళ్ళ అడవి కూడా నా చేతిలో పెట్టారన్నమాట. నేను గెలిచిన ఆనందంలో సరేనన్నాను. ఆ మధ్యాహ్నం క్లాసులో సారు ఏదో పాఠం చెప్పాడట. పోతే ఒక్క పాఠం పోయిందిలే అనుకున్నాను. (ఈ వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.)

యాత్ర దగ్గరపడుతుండగా మీర్‌పేట అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల పంచె, నల్ల చొక్కా, నల్ల దుప్పటి, నుదుట విభూతి, కాళ్ళకు చెప్పుల్లేవు. మాల వేసుకున్నవాడిని అందరూ స్వామీ అనాలి, మీరు అనాలి. వాడు మమ్మల్ని మాతా అంటాడు. అన్నిటికంటే అన్యాయం, తిట్టకూడదు. మాల వేసుకున్నవాడితో గొడవపడితే కళ్ళు పోతాయని మా అమ్మ బస్సెక్కేముందు నా చేత ఒట్టు వేయించుకుంది. నాకు అప్పటికే కళ్ళద్దాలున్నాయి, ఇంకేం పోతాయని అడిగినా వినలేదు.

బస్సు మీర్‌పేట మీదుగా వెళ్ళి శ్రీశైలం రోడ్డెక్కేసరికే నా సహనం సగం ఖర్చయింది. స్వామి పూజ సంచికి ఒక కిటికీ సీటు, స్వామికి ఒక కిటికీ సీటు. ఆడపిల్లలం వెనక చక్రం మీద ఎగురుతూ కూర్చున్నాం. అడవిలో దిగిన బంగళాలో ఉన్నది ఒక్కటే స్నానాలగది. స్వామి తెల్లవారకముందే అందులో దూరి చన్నీళ్ళు పోసుకుంటూ శరణుఘోష మొదలుపెడితే, మేం బయట బకెట్లతో లైను కట్టి దేవుడి పేర్లన్నీ విన్నాం. పైగా దారిలో ఎవరు గుసగుసలాడినా వెనక్కి తిరిగి, "మాతా, జర మెల్లగ," అనేవాడు. గుసగుసలాడింది నా స్నేహితురాలే అయినా చూసేది నన్నే.

సారు పెట్టిన పని చిన్నదే. ఒక్కొక్కరు ఒక అడవి జంతువు అడుగును వెతికి, అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయాలి. దానికే మార్కులు. వాగు ఎండి ఇసుక తేలిన చోట ఉదయాన్నే అందరినీ వదిలారు. కేక వేస్తే వినిపించే దూరం దాటవద్దని సారు ఆజ్ఞ. (నా కేక వినిపించే దూరం మామూలు మనుషుల కంటే ఎక్కువని ఆయనకు తట్టలేదు.) నేను వాగు మలుపు తిరిగి, తడి ఇసుకలో ఒక కణితి గిట్టను చూసి పెట్టుకున్నాను. రెండు చీలికలు చెక్కినట్టుగా పడ్డాయి. దుప్పిది కాదు, దుప్పిది ఇంతకంటే చిన్నది. మగపిల్లలు ఎవరూ ఇంత మంచి అడుగు చూసి ఉండరని మురిసిపోతూ, కొంచెం ఎగువన కూర్చుని ప్లాస్టర్ కలిపాను. కలుపుతుంటే అది కళ్ళద్దాల మీద చింది తెల్లగా పట్టుకుంది. అద్దాలు తీసి సంచిలో వేసి, డబ్బా పట్టుకుని కణితి గిట్ట దగ్గరికి వచ్చాను.

గిట్ట లేదు. దాని మీద ఎవరో నిండుగా కాలు వేసి నడిచి వెళ్ళారు. చెప్పుల్లేని కాలు. మడమ, అరికాలు, అయిదు వేళ్ళు.

ఒళ్ళు మండిపోయింది. ఈ అడవిలో చెప్పుల్లేకుండా తిరిగేది ఎవరో నాకు ఒకరు చెప్పాలా? వేళ్ళ ముందు ఇసుకలో చిన్న చిన్న గుంటలు కూడా ఉన్నాయి. అవీ నాకు వెంటనే అర్థమయ్యాయి. దీక్షలో ఉన్నవాళ్ళు గోళ్ళు తీసుకోరు. ఇంకొంచెం ముందు చేతివేళ్ళు గుచ్చుకున్నట్టు గుర్తులున్నాయి. తూలి పడబోయి చేతులు ఆనించాడన్నమాట, మంచి పనైంది అనుకున్నాను. చూశారా, నేను చదివిన చదువంతా వరసగా ఎంత చక్కగా పనికొచ్చిందో! ఒక్క గుర్తునూ వదలకుండా చదివాను. ఊరికే అరిస్తే సారు నమ్మడు, కుడి భుజం కదా. అందుకని కలిపిన ప్లాస్టర్ అంతా సాక్ష్యం కోసం ఆ పాదంలోనే పోశాను. అది గట్టిపడేలోగా నిందితుణ్ణి పట్టుకుందామని అడుగుల వెంట నడిచాను.

అడుగులు గట్టెక్కి వెదురు పొదల వైపు తిరిగాయి. పొద వెనక ఒక చెదపుట్ట, పుట్ట ముందు వంగి కూర్చున్న నల్లటి వీపు. దుప్పటి నిండా కప్పుకున్నాడు. ఏదో జుర్రుకుంటున్న చప్పుడు. స్వామి భోజనాన్ని భిక్ష అంటారు, దాన్ని విడిగా తినాలి, నిజమే. కాని ఇలా పొద చాటున, పాయసం గిన్నె నాకినంత చప్పుడుతోనా? పైగా ఏదో కంపు. రోజుకు రెండుసార్లు స్నానాలగదిని ఆక్రమించే మనిషి దగ్గర ఈ కంపేమిటని దానికి కూడా కోపం వచ్చింది. అమ్మకు వేసిన ఒట్టును దేవుడికి వదిలేసి నోరు తెరిచాను.

"స్వామీ, మీ మాలకు నా దండం. ఆ మాల ముఖం చూసే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాను. మీ సంచికి కిటికీ సీటిచ్చాం, ఊరుకున్నాం. తెల్లవారుజామున బకెట్లు పట్టుకుని మీ భజన విన్నాం, ఊరుకున్నాం. మేం వస్తే అడవి ఖాళీ అవుతుందని క్లాసులో నవ్వించారు, దానికీ ఊరుకున్నాం. ఇప్పుడు నా కణితి అడుగును తొక్కి నాశనం చేసి, ఇక్కడ చాటుగా కూర్చుని జుర్రుకుంటున్నారా? లేవండి. లేచి ఇటు తిరిగి సమాధానం చెప్పండి."

జుర్రుకునే చప్పుడు ఆగింది. వీపు బిగుసుకుంది. హుఫ్ అని ఒక్క నిట్టూర్పు విడిచి, ఇటు తిరగకుండానే, వెదుళ్ళు విరుచుకుంటూ ఆ నల్లటి ఆకారం కిందికి దిగిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడపిల్ల ఇంత మర్యాదగా అడిగితే ఒక్క మాటా చెప్పకుండా పోవడమా? అది సంస్కారమా? నేను వెనక్కి వచ్చి, గట్టిపడిన పాదాన్ని ఇసుకలోంచి పెకలించి, చున్నీలో చుట్టుకుని సారు దగ్గరికి బయల్దేరాను.

సారు రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే స్వామి తీరుబడిగా ప్లాస్టర్ డబ్బాలు కడుగుతున్నాడు. అంత వేగంగా ఎలా చేరాడో అనుకున్నాను గాని, కోపంలో ఉన్నవాళ్ళు లెక్కలు సరిచూసుకోరు. జరిగింది చెప్పాను. మీర్‌పేట అయోమయంగా చూశాడు.

"నేను పొద్దుగాల్నుంచి ఈడనే ఉన్న మాతా. జర సార్‌ను అడుగుండ్రి."

"మాల వేసుకుని అబద్ధాలాడతారా?" అని చున్నీ విప్పి సాక్ష్యం బండ మీద పెట్టాను. సారు దాన్ని చూశాడు. చేతిలోకి తీసుకుని వేళ్ళు తడిమాడు. ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. దారిలో ఈ అడుగు ఏ వైపు పడిందని అడిగాడు, కుడి వైపన్నాను. స్వామిని కుడికాలు పక్కన పెట్టమన్నాడు. స్వామి పెట్టాడు. పాపం, వాడి పాదం నిజంగానే చిన్నది.

"కుడికాలికి బొటనవేలు లోపలి వైపు ఉండాలి కదమ్మా. దీనికి పెద్దవేలు బయటి వైపు ఎందుకుంది?" అన్నాడు సారు. "ఈ గోళ్ళేమిటి?"

దీక్షలో గోళ్ళు తీయరు కదా సార్ అన్నాను.

"ఏ దీక్షలోనూ గోళ్ళు ఇంత పెరగవు. ఇది ఎలుగుబంటి వెనక కాలు. మనిషి పాదంలా ఉంటుంది, మోసపోవద్దని క్లాసులో గంటసేపు చెప్పాను." ఒక్క క్షణం ఆగాడు. "ఆ మధ్యాహ్నం నువ్వు ప్రిన్సిపాల్ గదిలో ఉన్నావు."

నేను సంచిలోంచి కళ్ళద్దాలు తీసి, ప్లాస్టర్ గీకి పెట్టుకుని ఆ అచ్చును మళ్ళీ చూశాను. ఎలుగు ఎదురైతే మీద పడటమే ఎక్కువ, తప్పుకోవడం తక్కువ అని సారు ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినిపించలేదు. నేను జీవితంలో మీరు అని గౌరవించి తిట్టిన మగవాళ్ళు తక్కువ. అందులో మొదటిది ఎలుగుబంటి. నేను అరిచినప్పుడు ఎవరికీ వినపడలేదా అని తరువాత అందరినీ నిలదీశాను. వినపడిందట. నేను ఎవరితోనో మామూలుగా మాట్లాడుతున్నాననుకున్నారట.

తిరుగు బస్సులో స్వామి శరణుఘోష కూడా చేయలేదు. ఈ సంగతి ప్రిన్సిపాల్‌కు తెలిస్తే ఆడపిల్లల అడవి అంతటితో సరి. అపాయం ఎదురవడం అంటే ఇంతకు మించి ఏం ఎదురవ్వాలి? సారు అందరికీ చెప్పాడు, అడుగు మాత్రమే దొరికింది, ఎలుగును ఎవరూ చూడలేదు అని. అందరూ తలూపారు. నేను స్వామిని చూశాను. స్వామి తలూపలేదు. "మాలేసుకొని అబద్ధం చెప్పరాదు సార్," అన్నాడు మెల్లగా. మాల వేసుకుని అబద్ధాలాడతారా అని పొద్దున అరిచిన నోటితో, సాయంత్రం అబద్ధం చెప్పమని ఎలా అడగను?

అచ్చులన్నీ ల్యాబు బల్ల మీద పరిచిన రోజు ప్రిన్సిపాల్ మేడం వచ్చారు. మగపిల్లలవి దుప్పి గిట్టలు, ఒక అడవిపంది, ఒకటి ఏమిటో తీసినవాడికే తెలియదు. ఆవిడ నా అచ్చు దగ్గర ఆగారు. ఇంత తాజా అడుగైతే జంతువు ఎంత దూరంలో ఉండి ఉంటుందని అడిగారు. సారు దగ్గాడు. చాలా దూరమన్నాడు. ఆవిడ కళ్ళు అందరి మీదుగా తిరిగి నల్లబట్టల మీద ఆగాయి. "స్వామీ, మీరు చెప్పండి," అన్నారు.

"దగ్గర్నే ఉండె మేడం," అన్నాడు మీర్‌పేట నేల చూస్తూ. "ఈ మాత దాన్ని తిట్టిండ్రు. అది పోయింది."

"తిట్టిందా? ఏమని?"

ఇక దాచడానికి ఏం మిగిలింది? ఎలాగూ మునిగాం, నిటారుగా నిలబడే మునుగుదామని మొత్తం తిట్టు మొదటి నుంచీ అప్పజెప్పాను. కిటికీ సీటు, బకెట్లు, భజన, క్లాసులో నవ్వించడం, కణితి, జుర్రుకోవడం, లేచి సమాధానం చెప్పండి దాకా. చెబుతున్నకొద్దీ మళ్ళీ కోపం వచ్చింది, అడవిలో కంటే ఇక్కడే బాగా కుదిరింది. మీర్‌పేట తల వంచుకుని ఒక్కో మాటా విన్నాడు.

"గివన్నీ నాకేనా మాతా?" అన్నాడు చివరికి.

"మీకే స్వామీ."

"ఎలుగుది అదృష్టం," అన్నాడు. "నడిమిట్ల లేచిపోయింది. నేను ఆఖరి దాక నిలవడ్డ."

ప్రిన్సిపాల్ మేడం నవ్వడం మేం ఎప్పుడూ చూడలేదు. పిన్ను ఊడేలా నవ్వారు. కళ్ళు తుడుచుకుని సారుతో అన్నారు, "వచ్చే ఏడు వీళ్ళను జూకు పంపకండి. అక్కడ పాపం బోనుల్లో ఉంటాయి, పారిపోదామన్నా దారి ఉండదు. నల్లమలకే పంపండి."

అలా గెలిచాను. ఆ తరువాత ఆడపిల్లల బస్సు జూ వైపు తిరగలేదు. కాని చెప్పండి, ఇది న్యాయమా? పేపరు ఒకటైతే పాఠం ఒకటే ఉండాలని మధ్యాహ్నమంతా చెమటోడ్చి వాదిస్తే మెలిక పెట్టి ఒప్పుకున్నవాళ్ళు, ఎలుగుబంటిని తిట్టాననేసరికి ఏ మెలికా లేకుండా ఒప్పుకున్నారు. నా వాదనకు రాని విలువ నా నవ్వులపాటుకు వచ్చింది. నిజం చెప్పినందుకు మీర్‌పేటను అందరూ మెచ్చుకున్నారు, నన్ను ఎలుగక్క అన్నారు. (కథ ఇక పెళ్ళి వైపు తిరుగుతుందని ఎదురుచూస్తున్నవాళ్ళు లేచి వెళ్ళవచ్చు. వాడి పెళ్ళికి వెళ్ళి నేను భోంచేసి వచ్చాను, అంతే.) నా అచ్చును ల్యాబులోనే ఉంచుతామన్నారు గాని, దాని కింద డిపార్టుమెంటు పేరు మాత్రమే రాస్తామన్నారు, తీసినవాళ్ళ పేరు రాయరట. అయితే ఇవ్వనని ఇంటికి తెచ్చేసుకున్నాను. నేను ఊళ్ళో లేని ఒక శుక్రవారం అమ్మ నా అలమారా సర్దుతూ దాన్ని చూసింది. దాన్ని చుట్టి ఉంచిన చున్నీ మీద ఆ రోజు తొలి కోపంలో నేను పెన్నుతో రాసుకున్న మాట ఇంకా అలాగే ఉంది, స్వామి పాదం అని. నేను తిరిగి వచ్చేసరికి అది పూజగదిలో, పసుపూ కుంకుమా బొట్లతో ఉంది. ఒక్కో వేలికీ ఒక్కో బొట్టు. చెబుదామని నోరు తెరిచి, మా అమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంటే మూసేశాను. నా జీవితంలో నేను తెరిచి మూసిన నోరు బహుశా అదొక్కటే. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

కార్తీకం వచ్చిందంటే ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ నిండా నల్లబట్టలే. వాళ్ళను చూసినప్పుడల్లా ఆ వాగు గుర్తొస్తుంది. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు, రెండు రకాల కళ్ళద్దాలు, అన్నిటికీ ముందు జాగ్రత్తలు. అద్దాల్లేకుండా, ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియకుండా, లేచి సమాధానం చెప్పమని నిలదీసిన ఆ పిల్లను తలుచుకుంటే భయమేస్తుంది. కొంచెం ఈర్ష్య కూడా వేస్తుంది. మొన్న టికెట్ల లైనులో ఒక స్వామి దర్జాగా వచ్చి నా ముందు దూరాడు. నోరు తెరిచాను. తెరిచి, అలవాటుగా కిందికి చూశాను. బొటనవేలు లోపలి వైపే ఉంది. గోళ్ళు కొంచెం పెరిగాయి, అంతే. మనిషే.

స్థిమితపడి మొదలుపెట్టాను.